చిలప నూలుపై హక్కు: ఆదోని సీమలో చేనేత సంఘం పుట్టిన తీరు

కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు దక్షిణంగా పరుచుకున్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నల్లరేగడిలో పత్తి పండించి, ఊళ్లలో నూలు నేసి బతికిన సీమ. పత్తికీ మగ్గానికీ నడుమ ఉండవలసిన దగ్గరి సంబంధం మాత్రం ఇక్కడ చాలాకాలం క్రితమే తెగిపోయింది. మద్రాసు నుంచి వాయవ్యంగా సాగిన రైలుమార్గం 1871 నాటికి ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది; ఆ తరువాత ఈ రేగడి నేలల పత్తికి దూరపు మిల్లులే గిరాకీదారులయ్యాయి. బళ్లారి, ఆదోని, కర్నూలు పడమటి తాలూకాల పత్తిని మద్రాసు వర్తకులు ‘వెస్టర్న్స్’ అనే పేరుతో ఒక ప్రత్యేక రకంగా గుర్తించి ధర కట్టేవారు. బళ్లారి దగ్గరి హగరి వ్యవసాయ క్షేత్రంలో ఆ రకాన్నే మెరుగుపరచి హగరి-1 విత్తనాన్ని తీశారు. గింజ తీసే జిన్నింగు మిల్లులు, దూదిని బేళ్లుగా కట్టే ప్రెస్సులు, కమీషన్ వ్యాపారుల అంగళ్లు పెరిగిన ఆదోనికి రెండో బొంబాయి అన్న పేరు కూడా వచ్చింది. అయితే ఆ ఊరి స్టేషన్‌లో రైలెక్కిన దూది దూరపు ఊళ్లలో నూలుగా మారి, ఎన్నో చేతులు దాటి, ప్రతి చేతిలో కొంత ధర పెంచుకుని తిరిగి వచ్చేది. ఇంటి ముందు పత్తిచేను ఉన్న నేతగాడు ఆ నూలునే అప్పుపై కొనుక్కోవలసి వచ్చేది. ఎమ్మిగనూరు సహకార సంఘం చరిత్రను అర్థం చేసుకోవడానికి మొదట పట్టుకోవలసిన కొస ఇదే.

ఈ సీమలో నేత పని చేసే కులాలు అనేకం. తొగట, పద్మశాలి కుటుంబాలతో పాటు కన్నడ దేశానికి ఆనుకొని ఉన్నందువల్ల కుర్ని కుటుంబాలు ఇక్కడ గణనీయంగా స్థిరపడ్డాయి. వారి కొలువు దేవుడైన నీలకంఠేశ్వరుని పేర ఎమ్మిగనూరులో ఏటా పుష్య మాసంలో జరిగే జాతర ఇప్పటికీ ఈ ప్రాంతపు పెద్ద తిరునాళ్లలో ఒకటి. ఆదోనిలో నూలు తివాచీలు, జంపఖానాలు నేసే పనివారు కూడా ఉండేవారు. భాషలూ కులాలూ వేరైనా పని క్రమం ఒకటే. చిలపలుగా వచ్చిన నూలును రంగులో ముంచి ఆరబెట్టాలి. రాట్నం మీద కండెలకు చుట్టాలి. ఆసు పోసి పడుగు పొడవు నిర్ణయించాలి. తెల్లవారుజామున వీధిలో పడుగును చాపి గంజి పట్టించి కుంచెతో దువ్వాలి. ఆ తరువాత గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చుని అచ్చు కొట్టాలి. ఇందులో మగ్గంపై కూర్చున్న మనిషి చేసేది సగం పని మాత్రమే; మిగతా సగం ఇంటి ఆడవారు, పిల్లలు, ముసలివారు చేస్తారు. నేత కూలి ఎన్నడూ ఒక్కరి పేరనే లెక్క కట్టి ఇస్తారు గనుక ఈ సగం పని చరిత్రలో లెక్కకు రాకుండా మిగిలిపోయింది.

చిలప అంటే నూలును కండెకో శంకువుకో చుట్టకుండా వదులు చుట్టలుగా వేసిన రూపం. నూలు సన్నదనాన్ని తెలిపే ‘నంబరు’ కూడా దీని మీదే ఆధారపడుతుంది: ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే ఆ నూలు అన్నో నంబరు, కనుక నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. చిలపగా ఉన్నప్పుడే నూలు ఇంటి తొట్టిలో రంగు పీల్చుకుంటుంది, వీధిలో గంజి పడుతుంది. శంకువుకు బిగించి చుట్టిన నూలు మిల్లు మగ్గానికీ మరమగ్గానికీ పనికివస్తుంది కానీ చేమగ్గానికి నేరుగా అక్కరకు రాదు. మిల్లు యజమానికి చిలపలు వేయడం అదనపు శ్రమ. అతడు వేయనంటే చేమగ్గం ఆగిపోతుంది. ఈ చిన్న సాంకేతిక వివరం వెనుక దేశమంతటి చేనేత రాజకీయాలు తిరిగాయి.

నూలు చేతికి రావడానికి ఉన్న దారి సావుకారు. అతడు నూలు కట్ట ఇస్తాడు, నేసిన గుడ్డ తీసుకుంటాడు, కూలి లెక్క వేస్తాడు. పెళ్లికో చావుకో ఇచ్చిన బదులు ఆ లెక్కలోనే ఏళ్ల తరబడి తిరుగుతుంది. నేతగాడు అదే సావుకారుకే నేయాలన్నది రాయని షరతు. నూలు ధర పెరిగితే నష్టం నేతగానిది, గుడ్డ ధర పెరిగితే లాభం సావుకారుది. ఆచార్య ఎన్.జి. రంగా 1930లో ప్రచురించిన చేమగ్గాల ఆర్థిక స్థితి అధ్యయనం మద్రాసు రాజధానిలోని నేతగాళ్ల ఈ అప్పుల బతుకును వివరంగా చూపింది. సావుకారు ప్రతిచోటా దుర్మార్గుడేమీ కాడు. కరువు కాలంలో అతడు ఇచ్చే గింజలే చాలా ఇళ్లను నిలబెట్టాయి, దూరపు సంతలో గుడ్డ అమ్మే నేర్పు అతనికే ఉండేది. లోపం మనిషి గుణంలో కంటే ఏర్పాటులోనే ఎక్కువగా ఉంది: నూలు ఇచ్చేవాడూ గుడ్డ కొనేవాడూ అప్పు పెట్టేవాడూ ఒక్కడే అయినప్పుడు బేరం చేయడానికి నేతగానికి చోటు మిగలదు.

కరువు మాట ఇక్కడ ఊరికే రాలేదు. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. ఆదోని తాలూకా అప్పుడు ఆ జిల్లాలోనిదే. పంట పోతే రైతు మొదట మానుకునేది కొత్త బట్ట కొనడం. అందువల్ల గింజల ధర పెరిగే సమయానికే నేతగానికి పని ఆగిపోతుంది. చేతిలో పొలం లేదు, ధాన్యపు పాతర లేదు. రాళ్లు కొట్టే కరువు పనుల్లో చేరితే వేళ్లు మొద్దుబారి మళ్లీ మగ్గంపై నూలు అతకడానికి పనికిరావన్న భయం నేత కుటుంబాల్లో ఉండేది. వానపై ఆధారపడిన సీమలో నేత వృత్తి రైతు కంటే ముందు కూలిపోతుందన్న అనుభవమే, కొందరు కలిసి నిధి కూడబెట్టుకోవాలన్న ఆలోచనకు ఈ నేలలో బలం ఇచ్చింది.

సహకారానికి చట్టం దారి మెల్లగా ఏర్పడింది. 1904 నాటి చట్టం పరపతి సంఘాలను, అంటే సభ్యులకు అప్పు ఇచ్చే సంఘాలను మాత్రమే గుర్తించింది. 1912 చట్టంతో సరుకు తయారుచేసి అమ్మే సంఘాలకు కూడా చోటు దొరికింది. మద్రాసు రాజధానికి 1932లో సొంత సహకార చట్టం వచ్చింది. అప్పు ఒక్కటే ఇచ్చే సంఘం నేతగానికి పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే అప్పు తెచ్చిన డబ్బుతో కొన్న నూలు మళ్లీ గుడ్డగా మారి అమ్ముడయ్యే వరకు అతడు సావుకారు గడప దాటలేడు. నూలు కొనుగోలు, నేత, అమ్మకం మూడూ ఒకే సంఘం చేతిలో ఉండాలన్న అవగాహన 1930లలో బలపడింది. పరాయి దేశపు నూలుపై సుంకం పెరిగి చేనేతకు భారం పడుతున్నందుకు పరిహారంగా భారత ప్రభుత్వం 1934-35 నుంచి రాష్ట్రాలకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది; 1935లో మద్రాసులో రాజధాని స్థాయి చేనేత సహకార సంఘం ఏర్పడింది. తరువాతి కాలంలో కో-ఆప్టెక్స్ పేరుతో ప్రసిద్ధమైనది ఇదే. ఊరి సంఘాలకు నూలు సమకూర్చి, వారు నేసిన గుడ్డను పట్టణాల అంగళ్లలో అమ్మే పై అంచె సంఘంగా దీన్ని రూపొందించారు.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేతకారుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం ఈ వరుసలో పుట్టింది. సోమప్ప గాంధీ మార్గంలో నడిచినవారు. నేత కులంలో పుట్టి నూలు వర్తకం లోపలి కిటుకులు తెలిసినవారు. ఆ రోజుల్లో మద్రాసులో రాజగోపాలాచారి నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం ఉండటం సంఘాలకు అనుకూలించింది. ఊళ్లో ‘సొసైటీ’ అని మాత్రమే పిలిచే ఈ సంస్థలో సభ్యుడు వాటా సొమ్ము కట్టి చేరతాడు. సంఘం పెద్దమొత్తంలో నూలు కొని అతనికి తూకం వేసి ఇస్తుంది. నేసి తెచ్చిన గుడ్డను గజం, అచ్చు, బరువు చూసి తీసుకుని ముందే నిర్ణయించిన మజూరీ చెల్లిస్తుంది. మజూరీలో చిన్న భాగం పొదుపు నిధికి పోతుంది. తూకం కళ్లెదుట జరగడం, మజూరీ పట్టీ గోడ మీద ఉండటం ఈనాటి పాఠకునికి అల్పంగా తోచవచ్చు. సావుకారు చిట్టాను ఎన్నడూ చదవలేకపోయిన కుటుంబాలకు మాత్రం తమ శ్రమకు ఒక బహిరంగమైన ధర ఉన్నదని మొదటిసారి తెలిసినది ఆ గోడ దగ్గరే.

దుప్పట్లు, తువ్వాళ్లు, లుంగీలు, చీరలు, చొక్కా గుడ్డ వంటి రోజువారీ సరుకు ఈ సంఘానికి పేరు తెచ్చింది. గద్వాల, వెంకటగిరి చీరల్లా పెళ్లి పెట్టెలో దాచుకునే సరుకు కాదు ఇది. రైల్వే ప్రయాణికుడు, హాస్టల్ విద్యార్థి, ఆసుపత్రి రోగి కప్పుకునే గుడ్డ. మిల్లులతో నేరుగా పోటీ పడవలసినది కూడా ఈ రకం గుడ్డే కనుక ఎమ్మిగనూరు బతుకు ప్రభుత్వ విధానంపై మరింత ఎక్కువగా ఆధారపడింది. సభ్యుల కోసం నేతగాళ్ల కాలనీ కట్టడం సంఘం చేసిన పనుల్లో చిరకాలం నిలిచినది. గుంత మగ్గానికి నేల, పడుగు చాపడానికి పొడవైన వీధి, వెలుతురు కావాలి. అద్దె ఇంట్లో గుంత తవ్వడానికి యజమాని ఒప్పుకోడు. సొంత ఇల్లు నేతగానికి గూడు మాత్రమే కాదు, కార్ఖానా కూడా. సోమప్పకు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన పేర పట్టణంలో కూడలి, పాఠశాల ఉన్నాయి.

కాలనీ, దుప్పట్లు అందరి జ్ఞాపకంలో నిలిచాయి గానీ సంఘం పనిలో ఇంకో సగం, అంటే బజారు నియమాల కోసం వాదించడం, దాదాపు మరుగున పడింది. సొసైటీ ఎంత చక్కగా నడిచినా నూలు మిల్లులో ఎంత తయారు కావాలో, అందులో ఎంత చిలపగా రావాలో, మిల్లు ఏ గుడ్డ నేయవచ్చో ఏది నేయకూడదో అది నిర్ణయించలేదు. ఆ నిర్ణయాలు మద్రాసులో, ఢిల్లీలో జరిగేవి. అక్కడ మిల్లు యజమానుల సంఘాలు ముందునుంచే బలంగా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ బలహీనత బట్టబయలైంది. నూలు ధర ఎగబాకి, దొరకడమే కష్టమై, 1943లో ప్రభుత్వం గుడ్డ, నూలు నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. నూలు పంపిణీ చీటీలపై సాగిన ఆ రోజుల్లో సంఘంలో ఉన్న నేతగానికి తన పేర ఒక వాటా అడిగే నోరు ఉండగా విడిగా ఉన్నవాడు నల్లబజారు పాలయ్యాడు. డాక్టర్ పి.జె. థామస్ అధ్యక్షతన పనిచేసిన నిజనిర్ధారణ సంఘం 1942లో ఇచ్చిన నివేదిక దేశంలో సుమారు 20 లక్షల చేమగ్గాలు ఉన్నట్టు లెక్క తేల్చింది. అంతవరకు అంతరించే వృత్తిగా మాట్లాడుతున్న దానిలో ఎంత జనం ఉన్నారో ఆ అంకె చెప్పింది. లెక్క లేనిదే వాదన నిలవదు. చేనేత నాయకులు తరువాతి పదేళ్లు ఆ అంకెను పట్టుకునే నడిచారు.

1946లో మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం కొత్త నూలుగుడ్డ మిల్లులను ప్రోత్సహించరాదన్న విధానం తీసుకుని ఖద్దరు పథకాన్ని ముందుకు తెచ్చినప్పుడు తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్య తెలుగు నేతగాళ్లను కూడగట్టి, ఆ ఉద్యమాన్ని అఖిల భారత స్థాయికి తీసుకుపోయారు. ఆయన వంటివారి వాదన సూటిగా ఉండేది: చేమగ్గానికి దయాధర్మాలు వద్దు, బజారులో ఒక భాగం చట్టంతో కేటాయించాలి. 1952లో చేనేత గుడ్డ అమ్ముడుకాక పేరుకుపోయినప్పుడు ధోవతులు, అంచు చీరలు చేమగ్గాలకే వదలాలని రాజగోపాలాచారి గట్టిగా పట్టుబట్టారు. ఆ ఏడాది అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. మిల్లుల ధోవతుల ఉత్పత్తిని అంతకుముందరి సగటులో 60 శాతానికి పరిమితం చేశారు. 1953లో మిల్లు గుడ్డపై గజానికి మూడు పైసల, అంటే అప్పటి లెక్కన పావు అణా సెస్సు విధించి ఆ నిధిని ఖాదీకి, చేనేతకు మళ్లించారు. ఒక పరిశ్రమపై పన్ను వేసి, దానితో పోటీ పడే చిన్న పరిశ్రమకు ఇవ్వడమన్నది అసాధారణమైన ఏర్పాటు. చేనేత సంఘాల చరిత్రలో ఇంతకంటే పెద్ద గెలుపు మరొకటి కనిపించదు.

అదే ఏడాది ఎమ్మిగనూరు పాలన పటమూ మారింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు వచ్చాయి. బళ్లారి పట్టణం మైసూరుకు పోయింది. సొసైటీకి ఇది చిన్న మార్పు కాదు. పై అంచె సంఘం, అప్పు ఇచ్చే బ్యాంకు, పరిశ్రమల శాఖ, అలవాటైన బళ్లారి సంత ఒక్కసారిగా సరిహద్దులకు అటూ ఇటూ అయ్యాయి. ఆంధ్రకు, హైదరాబాదుకు వేర్వేరుగా ఉన్న పై అంచె చేనేత సంఘాలు 1976లో ఒకటై ఆప్కోగా మారాయి.

చిన్న ఉత్పత్తిదారులు సరుకు అమ్మడానికే కాక బజారు నియమాలను మార్చడానికి కూడా కలవాలన్న ఈ ఆలోచన నేతకే పరిమితమైనది కాదని చూపడానికి ఐరోపా సంగీత రంగంలోని ఒక ఉదాహరణ ఉపకరిస్తుంది. అక్కడ పాటలను రికార్డు చేసి అమ్మే సంస్థను లేబుల్ అంటారు; కొద్దిపాటి బహుళజాతి సంస్థల కింద లేని చిన్న లేబుళ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. కొత్త గాయకులను వెదికి పట్టుకునే ఓపిక తరచు వీటికే ఉన్నా, అంగడి అలమరలో చోటు, రేడియోలో సమయం, కాపీరైటు నిబంధనలు వీటి చేతిలో ఉండవు. 2000 సంవత్సరంలో ఇవి బ్రస్సెల్స్ కేంద్రంగా ‘ఇంపాలా’ అనే సంఘంగా ఏర్పడ్డాయి. సోనీ, బెర్టెల్స్‌మన్ సంస్థలు తమ సంగీత వ్యాపారాలను కలపడానికి యూరోపియన్ కమిషన్ 2004లో ఇచ్చిన అనుమతిని ఇంపాలా కోర్టులో సవాలు చేయగా 2006లో కోర్టు దాన్ని కొట్టివేసింది. 2008లో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. చివరి తీర్పు ఎటు పోయినా, పెద్ద సంస్థల విలీనాన్ని విచారించేటప్పుడు చిన్నవారి వాదన వినక తప్పని స్థితి ఏర్పడింది. ఎమ్మిగనూరు నేతగానికి మిల్లు ఎంతో, చిన్న లేబుల్‌కు ఆ బహుళజాతి సంస్థ అంత. తేడా ఒకచోట ఉంది: ఇంపాలా ఖర్చు సభ్యులదే, కనుక ప్రభుత్వ నిర్ణయంపైనే అది వ్యాజ్యం వేయగలిగింది. చేనేత సొసైటీకి అప్పు, రిబేటు, కొనుగోలు మూడూ ప్రభుత్వం నుంచే రావలసి ఉండగా అదే ప్రభుత్వంతో తగవు పడే శక్తి దానికి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోయింది.

ఈ తగ్గుదల 1960ల నుంచి క్రమంగా సాగింది. పండుగ రోజుల రిబేటుపై అమ్మకాలు, సంక్షేమ హాస్టళ్లకు దుప్పట్లు, విద్యార్థులకు ఏకరూప దుస్తులు అనే ప్రభుత్వ గిరాకీ చుట్టూ సంఘాలు తిరగసాగాయి. గిరాకీ ఖాయంగా ఉన్నన్నాళ్లు మగ్గం ఆడింది. సొమ్ము ఆలస్యమైతే సంఘం నూలు కొనలేక సభ్యునికి పని ఇవ్వలేకపోయేది, సభ్యుడు తిరిగి సావుకారు దగ్గరికే పోయేవాడు. సంఘాల పాలకవర్గాలకు సకాలంలో ఎన్నికలు జరగక అధికారుల చేతిలో ఉండిపోవడం మరింత చేటు చేసింది. సభ్యుడు ఓటు వేయని సంఘం సభ్యుని తరఫున మాట్లాడలేదు.

ఈలోగా పోటీదారు మారాడు. 1950లలో మిల్లుపై విధించిన హద్దుల చాటున మరమగ్గం పెరిగింది. అది చేమగ్గపు సరుకునే నేసి చేనేత పేరుతోనే అమ్మగలదు. దీనికి జవాబుగా 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది: కొన్ని రకాల గుడ్డలను చేమగ్గంపై తప్ప మరో యంత్రంపై నేయరాదని అది నిర్దేశించింది. మొదట 22 రకాలు రిజర్వు అయ్యాయి. మిల్లు, మరమగ్గాల వారు వేసిన వ్యాజ్యాల వల్ల ఏళ్ల తరబడి అమలు నిలిచి, 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. మూడేళ్లకే, 1996లో, రకాల సంఖ్య 11కు తగ్గింది. కోర్టులో నిలబడిన హక్కు కార్యాలయంలో సగానికి తగ్గడం చేనేత వారికి మిగిలిన గాయాల్లో పెద్దది. చిలప నూలు విషయంలోనూ ఇదే జరిగింది: మిల్లులు బజారుకు పంపే నూలులో ఇంత శాతం చిలపలుగానే వేయాలన్న నిబంధన 50 శాతంగా ఉండగా 2003లో 40కి, 2019లో 30కి తగ్గించారు. చేమగ్గాలు తగ్గాయి కనుక చిలపలు తక్కువ చాలునన్నది పాలకుల లెక్క. చిలపలు అందకపోవడం వల్ల కూడా మగ్గాలు తగ్గుతాయన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఆదోని మార్కెట్ యార్డుకు ఇప్పటికీ రాష్ట్రంలో పేరున్న పత్తి మార్కెట్లలో స్థానం ఉంది. అక్కడి దూది ఇప్పటికీ దూరపు మిల్లులకే పోతుంది. 1992లో పునర్వ్యవస్థీకరించిన అఖిల భారత చేనేత బోర్డును కేంద్ర ప్రభుత్వం 2020 జూలై చివరలో, ఆగస్టు 7న వచ్చే జాతీయ చేనేత దినోత్సవానికి పది పదకొండు రోజుల ముందు, రద్దు చేసింది. నేతగాళ్ల ప్రతినిధులకు కేంద్ర మంత్రిత్వ శాఖతో నేరుగా మాట్లాడే చోటు దానితో పోయింది. 1985 నాటి చట్టం మాత్రం అమలులోనే ఉంది. అందులో మిగిలిన 11 రకాల జాబితాలో చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా ఉన్నాయి. వీటిలో చాలావరకు ఎమ్మిగనూరు సొసైటీ పేరు నిలబెట్టిన సరుకు, చివరిది ఒకప్పుడు ఆదోని మగ్గాలపై నేసినది.